బూతు వేరు, వివాదం వేరు: సూపర్‌హీరో కామిక్స్ 'పెద్దవాళ్ల కథలు' అయిన తీరు

క్లుప్తంగా

సూపర్‌హీరో కామిక్స్‌లో వివాదాస్పద విషయాలు మొదటి సంచిక నుంచీ ఉన్నాయి. 1954లో అమెరికన్ పబ్లిషర్లు తమకు తామే పెట్టుకున్న నియమావళి బూతునీ, సామాజిక విమర్శనీ ఒకే నిషేధంలో చేర్చింది. ఆ నిషేధం సడలినప్పుడు రెండూ కలిసే బయటికొచ్చాయి. బూతులుంటేనే సీరియస్ కథ అన్న అభిప్రాయం అలా స్థిరపడింది. కథలను విడివిడిగా చూస్తే, వివాదాస్పద విషయం వల్ల బలపడ్డవి చాలానే దొరుకుతాయి. బూతు వల్ల బలపడ్డవి తక్కువ. ఆ కొద్ది చోట్ల కూడా బూతు చేసిన పని చిన్నదే.

ఒక సినిమా, ఒక సిరీస్, ఒక పాత ప్రశ్న

2024లో వచ్చిన 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' ప్రపంచవ్యాప్తంగా 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. మన దగ్గర ఇంగ్లిష్, హిందీ, తమిళంతో పాటు తెలుగులోనూ ఆడింది. అమెజాన్‌లో 2019లో మొదలైన 'ది బాయ్స్' సిరీస్ కూడా తెలుగు ఆడియోతో దొరుకుతోంది. రెండింటిలోనూ హీరోల నోట మాటకో బూతు. రెండూ కామిక్స్ నుంచి వచ్చినవే. సూపర్‌హీరో అంటే పిల్లల వ్యవహారం అనుకున్న తల్లిదండ్రులకు ఇదొక టెన్షన్. సూపర్‌హీరోలు ఇన్నాళ్లకు పెద్దవాళ్లయ్యారని సంబరపడే అభిమానులు ఇంకోవైపు.

ఈ వాదనలో రెండు పక్షాలవాళ్లూ ఒకే పొరపాటు చేస్తుంటారు. బూతులు, అత్యాచారం, డ్రగ్స్, జాతి వివక్ష, రాజకీయం అన్నిటినీ ఒకే మూటగా చూస్తారు. ఆ మూట కావాలని కొందరంటారు, వద్దని కొందరంటారు. ఆ మూట ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో తెలిస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

మొదటి సంచికలోనే గవర్నర్ తలుపు పగిలింది

1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికతో సూపర్‌మ్యాన్ పుట్టాడు. రాసిన జెర్రీ సీగెల్, బొమ్మలు వేసిన జో షుస్టర్ ఇద్దరూ యూదు వలస కుటుంబాల పిల్లలు, క్లీవ్‌లాండ్ కుర్రాళ్లు. అమెరికా అప్పటికి ఆర్థిక మాంద్యం నుంచి పూర్తిగా తేరుకోలేదు. ఆ సంచికలో గ్రహాంతర శత్రువులు ఎవరూ లేరు. చేయని హత్యకు ఒక స్త్రీకి మరణశిక్ష పడితే, దాన్ని ఆపడానికి సూపర్‌మ్యాన్ గవర్నర్ పడకగది ఉక్కు తలుపు బద్దలు కొడతాడు. పెళ్లాన్ని కొడుతున్న మొగుణ్ని గోడకేసి విసిరేస్తాడు. చివర్లో వాషింగ్టన్ వెళ్లి, సెనేటర్‌ని కొనేసిన లాబీయిస్టు వెంటపడతాడు. మూడో సంచికలో గని యజమానినీ, అతని విందుకొచ్చిన అతిథులనూ అదే గనిలో చిక్కుకునేలా చేసి, కూలీలు రోజూ ఎలాంటి ప్రమాదంలో పనిచేస్తున్నారో చూపిస్తాడు. ఎనిమిదో సంచికలో మురికివాడను నేలమట్టం చేస్తాడు, ప్రభుత్వం అక్కడ మంచి ఇళ్లు కట్టక తప్పదని.

గృహహింస, తప్పుడు తీర్పు, లంచం, కార్మికుల భద్రత. ఈ రోజు ఏ పబ్లిషరైనా ఇవి పెట్టి కథ వేస్తే 'కామిక్స్‌లో రాజకీయాలెందుకు' అనే మాట మొదటి రోజే వినపడుతుంది. ఆ కథల్లో ఒక్క బూతూ లేదు.

కెప్టెన్ అమెరికా సంగతీ అంతే. హిట్లర్ దవడ మీద గుద్దే ముఖచిత్రంతో మొదటి సంచిక 1940 డిసెంబరులో దుకాణాలకు వచ్చింది. పెర్ల్ హార్బర్ మీద దాడికి అప్పటికి ఇంకా ఏడాది ఉంది. యుద్ధంలో దిగాలా వద్దా అని అమెరికా రెండుగా చీలిపోయి ఉన్న కాలం అది. ఆ బొమ్మ వల్ల తమకు బెదిరింపులు వచ్చాయని సృష్టికర్తల్లో ఒకరైన జో సైమన్ తర్వాత రాశాడు.

వివాదం ఈ ప్రక్రియకు కొత్తగా అంటించింది కాదన్నమాట. మధ్యలో దాన్ని కొన్నేళ్లు తీసేశారు.

1954: మూట కట్టిన ఏడాది

1954లో మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థమ్ కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయని వాదిస్తూ పుస్తకం రాశాడు. అదే ఏడాది బాల నేరాల మీద సెనేట్ ఉపసంఘం న్యూయార్క్‌లో విచారణ జరిపింది. ప్రభుత్వం చట్టం తెస్తుందేమోనన్న భయంతో పబ్లిషర్లు ముందే ఒక సంఘం పెట్టుకుని, 'కామిక్స్ కోడ్' అనే నియమావళి రాసుకున్నారు. దానికి చట్టబలం లేదు, కానీ వ్యాపార బలం ఉంది. అట్ట మీద కోడ్ ముద్ర లేని సంచికను చాలామంది హోల్‌సేల్ పంపిణీదారులు తీసుకునేవాళ్లు కాదు. ముద్ర లేకపోతే పత్రిక కొట్టుదాకా చేరడం కష్టం.

ఆ నియమావళిలో ఏమేం కలిసి ఉన్నాయో గమనించాలి. బూతు, అశ్లీలం, అసభ్యత నిషేధం. చెడ్డ అర్థం సంతరించుకున్న గుర్తులు కూడా నిషేధమే. యాస మాటలు మితంగా ఉండాలి, వీలైనంతవరకు మంచి వ్యాకరణం వాడాలి. పోలీసులను, జడ్జీలను, ప్రభుత్వాధికారులను వాళ్లంటే గౌరవం పోయేలా చూపకూడదు. నేరస్తుడి మీద జాలి కలిగించకూడదు. విడాకులు మంచివన్నట్టు చూపకూడదు. ప్రతి కథలోనూ మంచే గెలవాలి.

నోటి మాట మీద నియమం, అధికారాన్ని ప్రశ్నించడం మీద నియమం ఒకే కాగితం మీద, ఒకే ముద్ర కింద ఉన్నాయి. 1938 నాటి సూపర్‌మ్యాన్ ఈ పరీక్షకు నిలబడడు. గవర్నర్ తలుపు పగలగొట్టడమే పెద్ద నేరం.

దీని ప్రభావం ఎంత దూరం పోయిందో 1956 నాటి ఒక ఘటన చెబుతుంది. అది సూపర్‌హీరో కథ కాదు, ఈసీ కామిక్స్ వేసిన సైన్స్ ఫిక్షన్. భూమి నుంచి వెళ్లిన వ్యోమగామి ఒకడు రోబోల గ్రహాన్ని తనిఖీ చేస్తాడు. అక్కడ నారింజ రంగు రోబోలు నీలం రంగు రోబోలను తక్కువగా చూస్తుంటాయి, వాటికి వేరే పేట, వేరే పనులు. మీరింకా ఎదగలేదని చెప్పి వ్యోమగామి వెనక్కి బయల్దేరతాడు. చివరి బొమ్మలో హెల్మెట్ తీస్తాడు. నల్లజాతి మనిషి. ఆ వ్యోమగామి నల్లవాడిగా ఉండటానికి వీల్లేదని కోడ్ అధికారి చార్లెస్ మర్ఫీ అభ్యంతరం పెట్టాడు. నల్లవాడు కాకపోతే ఆ కథకు అర్థమే లేదు. పబ్లిషర్ విలియం గెయిన్స్ పోట్లాడి యథాతథంగా అచ్చు వేశాడు. ఈసీ వేసిన చివరి కామిక్ పుస్తకం అదే అయింది.

జాతి వివక్షను ఖండించే కథ, బూతులేని కథ, మతాన్నీ జాతినీ ఎగతాళి చేయకూడదన్న కోడ్ నియమానికి నిజానికి అనుకూలమైన కథ. అయినా ఆపబోయారు. 'పిల్లల రక్షణ' పేరుతో వచ్చిన నిషేధం ముందుగా తాకింది భాషకి కాదు, విషయానికి.

1971: ముద్ర లేని మూడు సంచికలు

కోడ్‌కి మొదటి పెద్ద బీట 1971లో పడింది. డ్రగ్స్ ప్రమాదం గురించి కథ రాయమని అమెరికా ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖే మార్వెల్ సంపాదకుడు స్టాన్ లీని అడిగింది. స్పైడర్‌మ్యాన్ స్నేహితుడు హ్యారీ ఆస్బోర్న్ మాత్రలకు అలవాటుపడటం 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 96 నుంచి 98 సంచికల్లో వచ్చింది. డ్రగ్స్ ప్రస్తావనే ఉండకూడదని కోడ్ వాళ్లు ఒప్పుకోలేదు. మార్వెల్ ముద్ర లేకుండానే అచ్చు వేసింది. సంచికలు అమ్ముడుపోయాయి, మిన్ను విరిగి మీద పడలేదు. అదే ఏడాది కోడ్‌ని సవరించారు.

మార్వెల్‌కి పోటీ పబ్లిషర్ అయిన డీసీ వైపు 'గ్రీన్ లాంటర్న్' పత్రికలో డెన్నిస్ ఓనీల్, నీల్ ఆడమ్స్ ఇంకాస్త లోతుకి వెళ్లారు. గ్రీన్ యారో అనే హీరో దగ్గర పెరిగిన కుర్రాడు స్పీడీ హెరాయిన్‌కి బానిసవుతాడు. ఈ కథ పదును డ్రగ్స్‌లో లేదు. వీధుల్లో అన్యాయం గురించి ఉపన్యాసాలిచ్చే హీరో ఇంట్లో కుర్రాణ్ని పట్టించుకోలేదు. విషయం తెలిశాక కొట్టి బయటికి గెంటేస్తాడు. హీరో మంచివాడే, కానీ ఆ క్షణంలో అతను తప్పు చేశాడని కథ ఒప్పుకుంది. ఇంత పేరు తెచ్చుకున్న పత్రిక 1972లో 89వ సంచికతో ఆగిపోయింది. వివాదం పేరు తెస్తుంది. అమ్మకాలు తెస్తుందన్న హామీ లేదు.

ఈ మార్పులన్నిటిలోనూ బూతు మాత్రం ఇంకా తాళంలోనే ఉంది. ఆ కాలపు రచయితలకు విషయం కావలసి వచ్చింది. మాటల కోసం వాళ్లు పోరాడలేదు.

కొట్టు మారింది, కొనేవాడు మారాడు

అసలు మలుపు సాహిత్యంలో రాలేదు, సరుకు పంపిణీలో వచ్చింది. 1970ల మొదట్లో ఫిల్ సూలింగ్ అనే వ్యాపారి పబ్లిషర్ల దగ్గర నేరుగా సరుకు కొని, కామిక్స్ మాత్రమే అమ్మే కొట్లకు పంపడం మొదలుపెట్టాడు. మామూలు పత్రికల కొట్లు అమ్ముడుపోని కాపీలు వెనక్కి ఇచ్చేవి. ఈ కొత్త పద్ధతిలో వెనక్కి ఇవ్వడం ఉండదు, బదులుగా ఎక్కువ డిస్కౌంటు. ప్రతి సంచికకూ ఎంత ఆర్డరుందో పబ్లిషర్‌కి ముందే తెలిసిపోతుంది.

ఈ లెక్క కథల్ని మార్చేసింది. కామిక్స్ కొట్టుకు వచ్చేవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు, వయసులో కాస్త పెద్దవాళ్లు. ఆ కొట్లకు కోడ్ ముద్రతో పనిలేదు. 1984లో అలన్ మూర్ రాస్తున్న 'స్వాంప్ థింగ్' ముద్ర లేకుండానే రావడం మొదలైంది. 1986లో ఫ్రాంక్ మిల్లర్ 'ది డార్క్ నైట్ రిటర్న్స్', మూర్, డేవ్ గిబ్బన్స్‌ల 'వాచ్‌మెన్' వచ్చాయి.

'వాచ్‌మెన్'లో అత్యాచార యత్నం ఉంది, వియత్నాంలో గర్భిణి హత్య ఉంది, లోకాన్ని కాపాడే పేరుతో లక్షలమందిని చంపే 'మంచివాడు' ఉన్నాడు. ఆ ఘటనలు పన్నెండు సంచికల నిర్మాణంలో పాతుకుపోయి ఉంటాయి. ఒక పాత్ర చేసిన హింస దశాబ్దాల తర్వాత ఇంకో పాత్ర జీవితాన్ని వంచడం కనపడుతుంది. తర్వాత వచ్చిన అనుకరణలు ఆ నిర్మాణాన్ని వదిలేసి చీకటిని మాత్రం తీసుకున్నాయి. నిర్మాణం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, చీకటిని వారంలో గీసేయొచ్చు. 'వాచ్‌మెన్'లో హెచ్చరికగా రాసిన, నేరస్తుల మీద కనికరమే లేని రోర్షాక్ పాత్రను పాఠకులు ఆదర్శంగా తీసుకోవడం మూర్‌ని కలవరపెట్టింది. తన పుస్తకం తర్వాత ప్రక్రియంతా దిగులుగా మారిపోయిందని ఆయన చాలాసార్లు విచారం వ్యక్తం చేశాడు.

1988లో డీసీ ఇంకో అడుగు వేసింది. బ్యాట్‌మ్యాన్ సహచరుడు రెండో రాబిన్, జేసన్ టాడ్, బతకాలా చావాలా అని పాఠకులను ఫోన్‌లో ఓటు అడిగింది. కాల్‌కి 50 సెంట్లు. చావాలన్నవి 5,343, బతకాలన్నవి 5,271. కేవలం 72 ఓట్ల తేడాతో ఒక కుర్రాడు జోకర్ చేతిలో చనిపోయాడు. హింస ఇక్కడ కథలోంచి పుట్టలేదు, ఓట్ల లెక్కలోంచి పుట్టింది.

బలైనవాళ్లకి మాట ఉందా

వివాదాస్పద విషయం కథని బాగుచేసిందా లేదా అని తేల్చడానికి ఒక కొలత పనికొస్తుంది. అన్యాయం ఎవరికి జరిగిందో వాళ్లు ఆ తర్వాత పేజీల్లో కూడా మనుషులుగా ఉన్నారా? లేక హీరోకి కోపం తెప్పించి మాయమైపోయారా?

'ది కిల్లింగ్ జోక్' (1988)లో జోకర్ బార్బరా గోర్డన్‌ని తుపాకీతో కాలుస్తాడు. ఆమె ఒకప్పటి బ్యాట్‌గర్ల్. వెన్నెముక దెబ్బతిని నడవలేని స్థితికొస్తుంది. కానీ కథ ఆమెది కాదు. ఆమె తండ్రి పిచ్చివాడవుతాడా, బ్యాట్‌మ్యాన్ ఏం చేస్తాడు అన్నదే కథ. ఆమెకు జరిగినదాన్ని అలా వాడుకోవడం సరికాదని రాసిన మూరే తర్వాత ఒప్పుకున్నాడు. 1994లో 'గ్రీన్ లాంటర్న్' 54వ సంచికలో హీరో ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో పెట్టారు. 1999లో అప్పటికింకా ఒక అభిమానిగానే ఉన్న గెయిల్ సిమోన్ ఇలా చంపబడిన, చెరచబడిన, శక్తులు పోగొట్టుకున్న స్త్రీ పాత్రల జాబితా తయారుచేసింది. ఆ ఫ్రిజ్ పేరే దానికి పెట్టింది. జాబితా పొడవు చూశాకే చాలామందికి ఇది అలవాటుగా మారిందని అర్థమైంది. 2004లో 'ఐడెంటిటీ క్రైసిస్' అదే దారిలో, ఒక హీరో భార్య మీద పాతకాలంలో జరిగిన అత్యాచారాన్ని రహస్యపు ముడిగా వాడుకుంది. ఆమె అప్పటికే కథలో చనిపోయి ఉంది. తన తరఫున మాట్లాడే వీలు ఆమెకు లేదు.

బార్బరా విషయంలో మాత్రం వేరే రచయితలు పూనుకున్నారు. జాన్ ఆస్ట్రాండర్, కిమ్ యేల్ దంపతులు 1989 నుంచి ఆమెను 'ఒరాకిల్'గా తీర్చిదిద్దారు. చక్రాల కుర్చీలో కూర్చుని, కంప్యూటర్ల ముందు, హీరోలందరికీ సమాచారం అందించే మేధావి. ఆమె కోపం, ఆమె కోలుకోవడం, కొత్త జీవితం కట్టుకోవడం అన్నీ కథలయ్యాయి. ఆ జాబితా రాసిన గెయిల్ సిమోనే 2003 నుంచి 'బర్డ్స్ ఆఫ్ ప్రే' పత్రికలో ఒరాకిల్ కథలు రాసింది. 2011లో డీసీ బార్బరాను మళ్లీ నడిపించినప్పుడు వికలాంగ పాఠకులు చాలామంది బాధపడ్డారు, తమలాంటి హీరో ఒకరు తగ్గిపోయారని. అదే కాల్పుల ఘటన ఒక చేతిలో సంచలనం, ఇంకో చేతిలో ఇరవై ఏళ్ల జీవితం అయింది.

ఈ కొలతలో నిలిచే ఇంకో పుస్తకం 1982 నాటి ఎక్స్‌మెన్ నవల 'గాడ్ లవ్స్, మ్యాన్ కిల్స్'. క్రిస్ క్లేర్‌మాంట్ రాశాడు, బ్రెంట్ ఆండర్సన్ బొమ్మలు వేశాడు. మొదటి పేజీల్లోనే ఇద్దరు నల్లజాతి పిల్లలను, మ్యూటెంట్లు (పుట్టుకతోనే వింత శక్తులున్నవాళ్లు) అయినందుకు, చంపి బడి ఊయలలకు వేలాడదీస్తారు. మెడలో 'మ్యూటీ' అనే పలక. ఆ మాట కల్పితపు తిట్టు, ఏ నిఘంటువులోనూ లేదు. కథ ముందుకెళ్లేకొద్దీ అది నిజం తిట్టుకంటే భారమవుతుంది. మధ్యలో కిట్టీ ప్రైడ్ అనే అమ్మాయి, మ్యూటెంట్ తిట్టుని తేలిగ్గా తీసుకోమన్న నల్లజాతి టీచర్‌ని, నల్లవాళ్ల మీద వాడే అసలు తిట్టుతోనే ఎదురు ప్రశ్నిస్తుంది. పుస్తకంలో చెవికి ఎక్కువ నొప్పి కలిగించే మాట అదే. ఆ మాట తీసేస్తే ఆ సంభాషణే ఉండదు. తిట్టు అవసరమైన చోటు ఇలా ఉంటుంది: ఎవరి మీద ఏ తిట్టు పడితే లోకం ఊరుకుంటుంది, దేనికి ఊరుకోదు అన్నదే అక్కడి విషయం.

బుడగలో బూతు ఏం చేస్తుంది

కామిక్స్‌లో మాటకి చోటు తక్కువ. ఒక బొమ్మకి 35 పదాలు, పేజీకి 210 పదాలు మించకూడదన్నది పాత డీసీ సంపాదకుడు మోర్ట్ వైజింగర్ లెక్క. మూర్ కూడా దీన్నే పాటించేవాడు. ఆ కొద్ది పదాల్లో ప్రతి బూతూ ఇంకో మాట చోటు తింటుంది. పైగా అమెరికన్ కామిక్స్‌లో అక్షరాలన్నీ పెద్దక్షరాలే, ముఖ్యమైన మాటలు మందంగా ఉంటాయి. పాత్రల మాటలు రాసే బుడగలో ప్రతి మాటా ముందే సగం అరుపు. సినిమాలో నటుడు బూతుని గొణగగలడు, నవ్వుతూ అనగలడు, ఏడుస్తూ అనగలడు. కాగితం మీద ఆ స్వరాన్ని పాఠకుడే ఊహించుకోవాలి. పది బూతులు వరసగా వస్తే పదీ ఒకే స్థాయిలో వినపడతాయి.

అందుకే బూతు లేకుండా గొంతు పుట్టించే పద్ధతులు ఈ ప్రక్రియలో చాలా ముందే పెరిగాయి. చుక్కలు, సుడులు, @#$% లాంటి గుర్తులు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే వార్తాపత్రికల స్ట్రిప్పుల్లో కనపడతాయి. ఫెంటాస్టిక్ ఫోర్‌లోని 'థింగ్' న్యూయార్క్ పేదపేటల యాసలో మాట్లాడతాడు. బొమ్మలు వేసిన జాక్ కర్బీ పెరిగిన వీధుల మాట అది. 1972లో వచ్చిన ల్యూక్ కేజ్ న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట అయిన హార్లెమ్‌కి చెందిన నల్లజాతి హీరో, చేయని నేరానికి జైలుకెళ్లి వచ్చినవాడు. అలాంటివాడు నిజానికి బూతులాడతాడు. కోడ్ ఒప్పుకోదు కాబట్టి 'స్వీట్ క్రిస్మస్!' అని అరుస్తాడు. తెల్ల రచయితలు రాసిన హార్లెమ్ భాషలో కృత్రిమత్వం ఉందన్న విమర్శ న్యాయమైనదే. అయినా ఆ మాట అతనికి గుర్తుగా అంటుకుపోయింది. నిషేధం లేకపోతే అతను అందరూ అనే మాటే అనేవాడు.

2001లో మార్వెల్ కోడ్‌ని పూర్తిగా వదిలేసి సొంత రేటింగులు పెట్టుకుంది, పెద్దవాళ్ల కోసం 'మ్యాక్స్' అనే వరస మొదలుపెట్టింది. అందులో మొదటిది 'ఏలియాస్'. బ్రయన్ మైకేల్ బెండిస్ రచన, మైకేల్ గేడోస్ బొమ్మలు. మొదటి మాటే ఇంగ్లిష్‌లో అందరికీ తెలిసిన 'ఎఫ్' బూతు. నలభై ఏడేళ్ల నిషేధానికి అదొక జవాబు. ఆ పుస్తకం నిలిచింది మాత్రం వేరే కారణానికి. జెస్సికా జోన్స్ ఒకప్పటి సూపర్‌హీరో, ఇప్పుడు తాగుతూ, అందరినీ దూరం పెడుతూ బతికే ప్రైవేట్ డిటెక్టివ్. ఆమె ఎందుకలా అయిందో చివరి సంచికల్లో గానీ తెలియదు. మనసుల్ని వశం చేసుకునే పర్పుల్ మ్యాన్ ఆమెను ఎనిమిది నెలలు తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఆ సంగతి తెలిశాక మొదటి పేజీలోని ఆమె నోటికి అర్థం వస్తుంది. అది గాయపడ్డ మనిషి కట్టుకున్న గోడ.

బూతు విలువ ఎంతో తేల్చడానికి ఇక్కడ అరుదైన అవకాశం ఉంది. 'ఏలియాస్' 2004 మొదట్లో 28 సంచికలతో ముగిసింది. అదే ఏడాది అదే రచయిత అదే జెస్సికాను 'ది పల్స్' అనే మామూలు పత్రికలోకి తెచ్చాడు. అక్కడ బూతులకు చోటు లేదు. ఆమె కొంచెం మెత్తబడినట్టు అనిపిస్తుంది. కానీ తడబడుతూ, మధ్యలో ఆగిపోతూ మాట్లాడే తీరు, తప్పించుకునే చూపు అలాగే ఉన్నాయి. పాఠకుడు ఆమెను వెంటనే గుర్తుపడతాడు. బూతు ఆమె గొంతుకి గరుకుదనం ఇచ్చింది. గొంతు మాత్రం అంతకుముందే ఉంది.

'ది బాయ్స్' కామిక్ దీనికి ఎదురు ఉదాహరణ. గార్త్ ఎన్నిస్, డారిక్ రాబర్ట్‌సన్‌ల ఈ వరస 2006లో డీసీకి చెందిన వైల్డ్‌స్టార్మ్‌లో మొదలైంది. ఆరు సంచికలకే అక్కడ ఆగిపోయి, డైనమైట్ అనే వేరే సంస్థకు వెళ్లి 72 సంచికల దాకా నడిచింది. సూపర్‌హీరోలు నిజంగా ఉంటే వాళ్లను ఒక కార్పొరేట్ కంపెనీ సరుకులా తయారుచేసి అమ్ముతుంది అన్నది దాని మూల ఆలోచన. చాలా బలమైన ఆలోచన. బూతులన్నీ చెరిపేసినా అది చెక్కుచెదరదు. చాలా సంచికల్లో ఆ ఆలోచన ముందుకు కదలకుండా, దిగ్భ్రాంతి కలిగించే ఘటనల వెనక చిక్కుకుపోతుంది. బూతు ఇక్కడ కథని పాడుచేయలేదు, కథ ఆగిపోయిన సంగతి కనపడకుండా కప్పింది. రచయితకూ పాఠకుడికీ దానివల్ల కలిగే నష్టం అదే.

2008లో 'ఆల్ స్టార్ బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్' పదో సంచికలో బూతుల మీద నల్ల పట్టీలు వేశారు. అచ్చులో పట్టీ నలుపు, అక్షరాల నలుపు కలవక, కింద మాటలు చక్కగా చదవగలిగేలా వచ్చాయి. డీసీ ఆ కాపీలు ధ్వంసం చేయమని కొట్లను కోరింది. బయటపడ్డ కొన్ని కాపీలు సేకరణకారుల సరుకైపోయాయి. 2018లో పెద్దవాళ్ల కోసం పెట్టిన 'బ్లాక్ లేబుల్' మొదటి పుస్తకంలో బ్యాట్‌మ్యాన్ నగ్నంగా కనపడే కొన్ని బొమ్మలు వార్తల్లోకెక్కాయి. డిజిటల్ ప్రతిలో వాటిని చీకటి చేసేశారు. ఈ రెండు పుస్తకాల్లో కథ ఏమిటని అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ. చర్చంతా ఆ పట్టీలూ ఆ నీడల చుట్టూనే జరిగింది.

తెలుగులోకి వచ్చేసరికి

ఇంగ్లిష్‌లో 'ఎఫ్' బూతు చాలాసార్లు ఎవరినీ తిట్టదు. చిరాకుకి, ఆశ్చర్యానికి, నొక్కి చెప్పడానికి ఊతపదంలా పడుతుంది. తెలుగులో అంత తేలికైన బూతు దొరకదు. మన తిట్లు చాలావరకు ఒకరి తల్లి మీదో, పుట్టుక మీదో, కులం మీదో పడతాయి. ఎస్సీ, ఎస్టీలను పదిమందిలో కులం పేరుతో దూషించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం కూడా. అందుకే డబ్బింగ్ రచయిత ఎఫ్ బూతు ఉన్న ప్రతిచోటా తెలుగు బూతు పెడితే పాత్ర స్వభావమే మారిపోతుంది. చిరాకుపడే మనిషి అవమానించే మనిషిగా వినపడతాడు. ఇంగ్లిష్‌లో బూతుని వాస్తవికత పేరుతో సమర్థించే వాదన తెలుగులో అంత సులభంగా నిలబడదు. ఆ మాట వాస్తవంగా ఎవరి మీద పడుతుందో మనకు తెలుసు కాబట్టి.

నియమాల పరంగా మాత్రం ఒక మేలు జరిగింది. 2021 నాటి ఐటీ నియమాలు ఓటీటీ కార్యక్రమాలను యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అని వయసులవారీగా విభజించమన్నాయి. వివక్ష, మాదకద్రవ్యాలు, భాష, నగ్నత్వం, హింస వీటిని వేర్వేరుగా తూచమన్నాయి. 1954 కోడ్ ఒకే మూటలో కట్టినవి ఇక్కడ విడివిడి అరల్లో ఉన్నాయి. వివక్ష గురించి మాట్లాడినంత మాత్రాన కథ పెద్దవాళ్లదైపోనక్కర్లేదు.

పిల్లల అరలో ఉన్న పుస్తకం

1946లో అమెరికా రేడియోలో సూపర్‌మ్యాన్ ధారావాహిక ఒకటి జాత్యహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్‌ని పోలిన ముఠాను విలన్‌ని చేసింది. దాన్ని ఆధారం చేసుకుని చైనీస్ అమెరికన్ రచయిత జీన్ లూయెన్ యాంగ్ 2019లో 'సూపర్‌మ్యాన్ స్మాషెస్ ద క్లాన్' రాశాడు. గురిహిరు అనే జపాన్ చిత్రకారిణుల జంట బొమ్మలు వేసింది. బడి పిల్లల కోసం వేసిన పుస్తకం. కామిక్స్ రంగంలో పెద్ద గౌరవమైన ఐస్నర్ అవార్డు అందుకుంది.

చైనాటౌన్ నుంచి లీ కుటుంబం తెల్లవాళ్లుండే పేటకి మారుతుంది. రాత్రి వాళ్ల ముంగిట్లో శిలువ కాలుతుంది. తండ్రి ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడమంటాడు. కొడుకు టామీ కొత్త స్నేహితుల దగ్గర తన మీద తానే జోకులేసుకుని కలిసిపోతాడు. కూతురు రొబెర్టాకి అది చేతకాదు. ఇంకోవైపు సూపర్‌మ్యాన్ తన శక్తుల్లో సగం దాచుకుంటున్నాడు. ఎగిరితే మనుషులు తనను పరాయివాడిగా చూసి భయపడతారని ఎగరకుండా తీగల మీద పరిగెడుతుంటాడు. అతను దాచుకుంటున్న సంగతి పెద్దవాళ్లెవరికీ తెలియదు. అందరి చూపు నుంచి తప్పుకోవడం ఎలా ఉంటుందో తెలిసిన రొబెర్టా మాత్రం పసిగడుతుంది.